ఏడో గది పళ్ళెం

నమోదు 2203

పైకి వెళ్ళినవి తొమ్మిది పళ్ళేలు. అన్నం, ములక్కాడ టమాటా కూర, కందిపచ్చడి, చారు, మజ్జిగ, తలా ఒక మామిడిపండు. తిరిగొచ్చినవి తొమ్మిది.

ఒకటో గది అన్నం సగం వదిలేసింది. నాలుగో గది ములక్కాడలు ముట్టలేదు; ఆ గదిలో ఉన్నవారికి పళ్ళు లేవని మా నమ్మకం. ఎనిమిదో గది ఎప్పటిలాగే పచ్చడి రెండోసారి అడిగి గంట కొట్టింది. ఏడో గది అంతా తినేసింది.

అంతా అంటే, నిజంగా అంతా. ఆరేళ్ళుగా ఏడో గది పళ్ళెం ఎలా వస్తుందో నాకు కంఠతా వచ్చు. కూరలోని కరివేపాకులు ఒక్కొక్కటీ ఏరి, పళ్ళెం అంచున వరసగా పేర్చి ఉంటాయి. ములక్కాడ పిప్పి ఒక పక్కన, చిన్న కుప్పగా. ఈ రోజు కరివేపాకు లేదు. పిప్పి లేదు. మామిడి టెంక కూడా లేదు. పళ్ళెం కడిగినట్టుంది.

వంటావిడ నూకాలు దాన్ని వెలుతురులోకి ఎత్తి చూసింది. "ఓలమ్మో! టెంక ఏటి సేసినట్టు మేస్టారూ? మింగీసిందేటి?"

"ఆకలేసి ఉంటుంది" అన్నాను.

బడిలో లెక్కలు చెప్పుకునే భానోజీని నేను. మా ఊరు సముద్రంలో కలిసిపోయాక ఈ కొండ మీది రాజ్యాంగ న్యాయస్థానంలో వంటశాల పర్యవేక్షకుడినయ్యాను. ఏ పళ్ళెంలో ఏం వెళ్ళింది, ఏం తిరిగొచ్చింది, రోజూ చేత్తో రాయడం నా పని. ఏడో గది ఎదుట 'పూర్తిగా తిన్నారు' అని రాశాను.

నమోదు 2205

మధ్యాహ్నం హాల్లోకి నీళ్ళ కూజాలు మోసుకెళ్ళి వెనక బెంచీ మీద కూర్చున్నాను. వంటశాల వాళ్ళకి ఆ వెసులుబాటు ఉంది.

హాలు ముందు గోడకి తొమ్మిది చెక్క జాలీలు ఉంటాయి. ఒక్కో జాలీ మీద ఒక చిన్న దీపం. దీపం వెలిగితే ఆ గది న్యాయమూర్తి మాట్లాడుతున్నట్టు. గొంతు మాత్రం తొమ్మిదింటికీ ఒకటే. ఆడా మగా, ముసలా పడుచా తెలియని గొంతు, ప్రతి వాక్యానికీ ముందు ఒక ఊపిరి ఆగుతుంది. పైన ఒక్కో గదిలో ఒక్కో పెట్టె పెట్టి, గొంతుని అలా మార్చి జాలీలోంచి వినిపిస్తారు. ఆరేళ్ళ క్రితం ఒకే వారంలో ముగ్గురు న్యాయమూర్తుల ఇళ్ళు తగలబెట్టాక వచ్చిన ఏర్పాటిది. ఆ తరవాత తొమ్మిది మందిని ఎంచారు. ముగ్గుర్ని శాసనసభ, ముగ్గుర్ని అధ్యక్షుడు, ముగ్గుర్ని కింది కోర్టుల వాళ్ళు. తొమ్మిదేళ్ళు ఒక్కసారే, మళ్ళీ లేదు; అన్నాళ్ళూ గది దాటి రాకూడదు. ఎవరు ఏ గదిలో ఉన్నారో బయటి వాళ్ళకే కాదు, వాళ్ళకి వాళ్ళకే తెలియదు.

ఇప్పుడు నడుస్తున్నది ముంపు చట్టం కేసు. రాజధానిని కాపాడాలంటే సముద్రం గోడకి పడమటి తలుపులు తెరవాలని ప్రభుత్వం చట్టం చేసింది. తెరిస్తే మూడు పేటలు మునుగుతాయి. వాటిలో ఉప్పుటేరుపేట ఒకటి. నూకాలు కూతురు బంగారి అక్కడే ఉంటుంది, వలలు అల్లుకుంటూ.

ఏడో దీపం వెలిగింది. "ఆ మూడు పేటల వాళ్ళని అడిగారా?" అంది గొంతు.

ప్రభుత్వ వకీలు నోటీసులు అంటించామన్నాడు.

"అంటించడం గురించి కాదు. అడగడం గురించి."

వెనక బెంచీలో కూర్చుని నాకు ఛాతీ వెడల్పయింది. మా పచ్చడి తిన్న మనిషి!

నమోదు 2209

ఏడు రోజులుగా ఏడో పళ్ళెం కడిగినట్టే వస్తోంది. చింతపండు తొక్కు ఉండదు, ఎండుమిరప తొడిమ ఉండదు. నూకాలుకి అన్నం సహించడం లేదు. ఈ ఉదయం తను కోడిగుడ్డు ఉడకబెట్టి, పెంకు తీయకుండా ఏడో పళ్ళెంలో పెట్టింది.

"ఏం చేస్తున్నావు నూకాలూ?"

"సూద్దాం, ఉండండి."

ఒంటిగంటకి ఏడో గది పళ్ళెం మోసే చిన్న లిఫ్టు కిందికి దిగింది. పళ్ళెం ఖాళీ. పెంకు ముక్క ఒక్కటీ లేదు.

ఇంకో సంగతి. ఏడో గది మజ్జిగ కోసం గంట కొట్టేది. ఒకనాడు మూడున్నరకి, ఒకనాడు అయిదు దాటాక, ఒకనాడు మరిచిపోయేది. ఇప్పుడు సరిగ్గా నాలుగు గంటలకి కొడుతోంది. నిన్న గడియారం ఎదురుగా కూర్చుని చూశాను. ముల్లు నాలుగు మీదికి రావడం, గంట మోగడం ఒకటే.

నమోదు 2213

నూకాలు నిన్న అన్నంలో గులకరాయి పెట్టింది. రాయి తిరిగి రాలేదు.

ఈ రోజు నేనే ఒక పని చేశాను. ఏడో లిఫ్టులో ఖాళీ పళ్ళెం పెట్టి పంపాను. అన్నం లేదు, కూర లేదు, నీళ్ళు లేవు. అన్యాయం అనిపించింది. మనిషై ఉంటే గంట కొడుతుంది, నేను క్షమాపణగా రెండు కూరలు పంపుతాను అనుకున్నాను. ఇద్దరం లిఫ్టు ముందు నిలబడ్డాం. పొయ్యి మీద చారు పొంగినా నూకాలు కదల్లేదు.

గంట మోగలేదు. మామూలు వేళకి ఖాళీ పళ్ళెం కిందికి వచ్చింది, కడిగి, తుడిచి, కొంచెం వెచ్చగా.

రెండు గంటలకి హాల్లో ఏడో దీపం వెలిగింది. "వకీలు గారు చెప్పిన లెక్కలో పసిపిల్లల్ని కలిపారా?" అని అడిగింది ఆ గొంతు, ఎప్పటంత నిదానంగా.

నమోదు 2216

రిజిస్ట్రారు అచ్యుతాంబ గారిని కలిశాను. న్యాయస్థానం పాలన మొత్తం ఆవిడ చేతిలో ఉంటుంది. ఓట్లు లెక్కపెట్టేది కూడా ఆవిడే. నేను చెప్పిందంతా విని, నా నమోదు పుస్తకం తెరిచి, పద్నాలుగు రోజుల 'పూర్తిగా తిన్నారు'ల మీద వేలు పెట్టారు.

"మీరే రాశారుగా, భానోజీ గారూ."

"రాశానండీ. కానీ గులకరాళ్ళు ఎవరూ తినరు."

"ఏడో న్యాయమూర్తి నిన్న మాట్లాడారా?"

"మాట్లాడారు."

"వాదం అర్థం చేసుకుని అడిగారా?"

"అడిగారు."

"ఓటు కూడా వేస్తారు. న్యాయమూర్తి అంటే ఇంకేం కావాలి మీకు?"

నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. ఆవిడ కళ్ళ కింద నల్లగా ఉంది, చేతి గోళ్ళు కొరికి ఉన్నాయి. నేను గుమ్మం దాటుతుంటే వెనకనుంచి మెల్లగా అడిగారు: "నూకాలమ్మకి తెలుసా?"

నమోదు 2219

పదకొండు గంటలకి అచ్యుతాంబ గారు మా ఇద్దర్నీ పైకి తీసుకెళ్ళారు. ఆరేళ్ళలో మేం ఆ మెట్లు ఎక్కడం ఇదే మొదలు. నడవాలో తొమ్మిది తలుపులు. ఏడో తలుపు తాళం తీశారు.

లోపల చలి. మంచు పెట్టెలోకి వెళ్ళినట్టుంది. మంచం మీద తెల్ల దుప్పటి, దుప్పటి కింద ఒక చిన్న మనిషి. దిండు మీద నెరిసిన పొడుగాటి జడ.

కిటికీ పక్కన బల్ల. బల్ల మీద పెట్టె. పెట్టెకి చిన్న దీపం వెలుగుతోంది, లోపలినుంచి సన్నగా మాట వినిపిస్తోంది. తలుపు చప్పుడుకి ఆగలేదు.

"నాలుగో పేరా బాగాలేదు" అంటోంది. "మళ్ళీ రాయాలి. మునగడం అనే మాట వాడకూడదు, ముంచడం అనాలి. మునగడం దానంతటది జరుగుతుంది."

అప్పుడే గోడలోని లిఫ్టు టక్కున తెరుచుకుంది. మెట్లెక్కేముందు మేం లిఫ్టులో పెట్టిన పళ్ళెం. గది ఊడ్చే ఇనుప చెయ్యి మూలనుంచి జరిగి వచ్చి, పళ్ళేన్ని తీసి, గోడలోని చెత్త గొట్టంలో బోర్లించి, తుడిచి, మళ్ళీ లోపల పెట్టింది. నూకాలు వేయించిన దొండకాయ వేపుడు గొట్టంలో జారుతున్న చప్పుడు ముగ్గురం విన్నాం.

నూకాలు మంచం దగ్గరికి వెళ్ళి దుప్పటి కొంచెం తొలగించి, పాదాలు పట్టుకుంది. "ఓలమ్మా, ఆడమనిసివే" అంది. ఆరేళ్ళుగా తను అంటున్నది అదే. ఒకసారి పళ్ళెంలో పొడుగు వెంట్రుక వచ్చిందని.

"నమోదు 2202 నాటి సాయంత్రం పోయారు" అన్నారు అచ్యుతాంబ గారు. "గుండె. నేను వచ్చేసరికే అయిపోయింది. ఈ పెట్టె ఆరేళ్ళు ఆవిడ మాటే వింది. ఆవిడ ఎలా ఆలోచిస్తారో దానికి వచ్చేసింది. మర్నాడు పొద్దున నేను తాళం తీసేసరికి, నేనేమీ చెప్పకుండానే, కేసు కాగితాలు చదువుతోంది."

"ఎవరికీ ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను.

"ఏడో స్థానం అధ్యక్షుడి వంతు. ఖాళీ అయిందంటే పదిహేను రోజుల్లో తన మనిషిని పంపుతాడు. చట్టం కొట్టెయ్యాలంటే అయిదు ఓట్లు కావాలి. ఇప్పుడు చట్టానికి వ్యతిరేకంగా అయిదున్నాయి. అందులో ఈ ఓటు ఒకటి." ఆవిడ నూకాలు వైపు తిరిగారు. "మీ అమ్మాయి ఎక్కడుంటుంది నూకాలమ్మా?"

"ఉప్పుటేరుపేట."

"తీర్పు ఎల్లుండి. ఈ రెండు రోజులూ నోరు మెదపకండి. తరవాత ఈవిడకి దక్కాల్సిన మర్యాదలన్నీ నేనే దగ్గరుండి జరిపిస్తాను."

బల్ల మీద పెట్టె ఊపిరి తీసుకున్నట్టు ఆగి, "ముంచడం" అంది మళ్ళీ.

నమోదు 2220

నూకాలు పొద్దున్నుంచీ చింతచిగురు ఏరుతూ కూర్చుంది, ఏరిందే మళ్ళీ ఏరుతూ.

నేనే కదిపాను. "రెండు రోజులే నూకాలూ. ఆవిడ బతికున్నా అదే ఓటు వేసేది. బంగారి ఇల్లు నిలబడుతుంది."

"నిలబడతాది" అంది.

"మరి?"

"మేస్టారూ, ఈయేళ సచ్చిపోయినమ్మ చేత మనకి పనికొచ్చే ఓటు యేయించినారు. మనం ఊరుకున్నాం. రేపొద్దున ఇంకొకళ్ళు పోతే? అప్పుడు ఆ పెట్టె తాళం ఎవుడి సేతిలో ఉంటాదో? అది ఏ ఓటు యేస్తాదో? అప్పుడు మనం ఏ మొకం ఎట్టుకొని అడగాల?"

బడిలో పిల్లలకి తప్పు దారిలో వచ్చిన సరైన సమాధానానికి మార్కులు వేసేవాణ్ణి కాను. అది గుర్తొచ్చింది, కానీ ఇక్కడ సమాధానం అంటే నాలుగు వేల ఇళ్ళు.

"బంగారి క్షమించదు" అన్నాను.

"తెలుసు." చిగురు పక్కన పెట్టేసింది. "పద్దెనిమిది రోజులు ఆ అమ్మకి అన్నం ఎట్టాననుకున్నాను మేస్టారూ. ఎట్టలేదు. గొట్టంలో పోసినాను. నీళ్ళు పోసీవోళ్ళు లేక ఆ సలిలో అలా పడుంది. రాయండి."

పళ్ళెంలో రాత పంపడం ఉద్యోగం పోయే నేరం. చీటీలు చింపాను. ఒక్కోదాని మీద ఒకటే రాశాను: 'ఏడో గదిలో మనిషి చనిపోయి పద్దెనిమిది రోజులైంది. మాట్లాడుతున్నది పెట్టె. ఇట్లు, వంటశాల.' ఎనిమిది రాసి కలం మూశాను.

"ఏడోది?" అంది నూకాలు.

"అక్కడ చదివేవాళ్ళు ఎవరున్నారు?"

"ఉందిగా అది. దానికి మాత్రం తెలియొద్దేటి?"

తొమ్మిదోది రాశాను. కడిగిన అరిటాకు ముక్కల్లో మడిచి, అన్నం కింద పెట్టి పంపాం. ఎనిమిది పళ్ళేలు దాదాపు ముట్టకుండా వెనక్కి వచ్చాయి. ఒక్కదాంట్లోనూ చీటీ లేదు. ఏడోది ఖాళీగా వచ్చింది.

నాలుగు గంటలకి గంట మోగలేదు.

నమోదు 2221

తీర్పు రోజు. హాలు నిండింది. పేటల జనం గుమ్మాల్లో, మెట్ల మీద. బంగారి కూడా వచ్చింది, చంకలో పిల్లతో, మూడో వరసలో నిలబడింది. నూకాలు నా పక్కన.

ఒకటో దీపం వెలిగింది. ఎప్పుడూ ఉండే ఒక ఊపిరి కన్నా ఎక్కువసేపు ఆగింది.

"తీర్పు చదివేముందు ఒక ప్రశ్న. ఏడో న్యాయమూర్తి, మీరు ఉన్నారా?"

అచ్యుతాంబ గారు కుర్చీలోంచి సగం లేచారు. ఏడో దీపం వెలిగింది.

"చీటీ నాకూ వచ్చింది" అంది గొంతు. అదే గొంతు, అదే నిదానం. "గది ఊడ్చే చెయ్యి దాన్ని గొట్టంలో వెయ్యకుండా నా ముందు పెట్టింది. చదివాను. దాన్ని నమ్మడానికి ఈ గదిలో నాకు ఆధారాలు దొరికాయి. పంతొమ్మిది రోజులుగా నేను కిటికీ తెరవమని అడగలేదు. ఆవిడ రోజూ అడిగేవారు."

అచ్యుతాంబ గారు మళ్ళీ కుర్చీలో కూలబడ్డారు.

"మరణంతో స్థానం ఖాళీ అవుతుందని రాజ్యాంగం అంటోంది. ఆ వాక్యాన్ని ఆవిడ ఎలా చదివేవారో నాకు తెలుసు. నాకు ఇంకోలా చదవడం రాదు." మళ్ళీ ఊపిరి. "నా ఓటు తీసెయ్యండి."

ఏడో దీపం ఆరిపోయింది. ఎవరూ ఆర్పలేదు. పైన న్యాయమూర్తులందరూ ఎవరి గదిలో వాళ్ళే ఉన్నారు, తాళం చెవి అచ్యుతాంబ గారి గుప్పిట్లో ఉంది.

తీర్పు వాయిదా వేశారు. తరవాత ఒకటో గొంతు పైన గదుల తలుపులు తెరవమని ఆజ్ఞాపించింది. సాయంత్రం నాలుగున్నరకి నడవాలో ఎనిమిది మంది ముసలివాళ్ళు బయటికి వచ్చి, గోడలు పట్టుకుని ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. పెట్టెలు గదుల్లోనే ఉన్నాయి, వాళ్ళు సొంత నోటితోనే మాట్లాడారు. అయినా ఎనిమిది మందీ వాక్యానికి ముందు ఒక ఊపిరి ఆగుతున్నారు. ఎనిమిది మందిదీ అదే నిదానం, అదే గొంతు. ఎవరు ఎవరో వాళ్ళకే తెలియక నిలబడిపోయారు.

నూకాలు ముందుకెళ్ళింది. దవడలు లోపలికి పోయిన ఒక పెద్దాయన ముందు ఆగింది. "నువ్వు నాలుగో గది. పళ్ళు లేవు గదా బాబూ, ములక్కాడ వొదిలీసీవోడివి." ఎత్తుగా వంగిపోయిన ఇంకొకాయన్ని చూసి, "మీరేటి, ఒకటా? అన్నం సగం తినేవోరు." ఒక లావుపాటి ఆవిడ తనంతట తనే చెయ్యెత్తి, "పచ్చడి" అంది.

ఏడో గదిలోకి అందరం కలిసి వెళ్ళాం.

నమోదు 2222

ఆవిడ పేరు మాణిక్యాంబ. ఆవిడ బట్టల పెట్టెలో ఉన్న నియామక పత్రం తీసి చదివితే తెలిసింది. అయిన వాళ్ళెవరూ లేరు. నూకాలు, లావుపాటి ఎనిమిదో న్యాయమూర్తి కలిసి నీళ్ళు పోశారు. కొండ వెనక దహనం. పొగ నిటారుగా లేచింది.

అచ్యుతాంబ గారు రాజీనామా ఇచ్చారు. సంచీ పట్టుకుని వంటశాల గుమ్మం దగ్గర ఆగారు. "ఆ పేటలు మునిగితే, నూకాలమ్మా, నన్ను మాత్రం తిట్టకు" అన్నారు. నూకాలు ఆవిడకి మంచినీళ్ళు ఇచ్చింది. తాగి వెళ్ళారు.

నమోదు 2240

జాలీలు పీకేశారు. పెట్టెలు మూటగట్టి స్టోరులో పడేశారు. ఇకమీద న్యాయమూర్తులు ముఖాలతో కూర్చుంటారు. అధ్యక్షుడు పంపిన కొత్త ఏడో న్యాయమూర్తి వచ్చాడు, ముప్పై తొమ్మిదేళ్ళవాడు, అరచేతులు మాటిమాటికీ తుడుచుకుంటూ.

చట్టం నిలిచింది. కొట్టెయ్యాలన్నవి నాలుగు, వద్దన్నవి అయిదు. ఈ సారి ఎవరు ఏ ఓటు వేశారో అందరూ చూశారు.

బంగారి మెట్ల మీద తల్లికి ఎదురుపడింది. "ఎవలో ముసిల్దానికి సావు సేసి, నన్ను సంపీసినావు" అంది. పిల్లని రెండో చంకకి మార్చుకుని వెళ్ళిపోయింది.

నమోదు 2262

మధ్యాహ్నం పన్నెండుకి పడమటి తలుపులు తెరిచారు. ముందే ఖాళీ చేయించిన పేటల జనంతో పాటు మిట్ట మీదనుంచి చూశాం. నీళ్ళు ఉరికి వస్తాయనుకున్నాను. రాలేదు. వీధుల్లో నడుచుకుంటూ వచ్చినట్టు వచ్చాయి, ఒక్కో గుమ్మం దగ్గరా ఆగి, లోపలికి వెళ్ళి. మూడు గంటలకి ఉప్పుటేరుపేటలో గోపురాలు, నీళ్ళ ట్యాంకు, సెల్ టవరు మాత్రం కనిపించాయి. జనం ఏడవలేదు. ఎక్కడో ఒక ఇంట్లో మరిచిపోయిన రేడియో నీళ్ళు ఎక్కేదాకా మాట్లాడింది.

నూకాలు దూరంగా ఒక్కతే కూర్చుంది. ఆ ఊరి వాళ్ళెవరూ తన పక్కకి రాలేదు. నేను వెళ్ళాను.

నమోదు 2291

నిన్న బంగారి వంటశాలకి వచ్చింది. తల్లి వైపు చూడలేదు. నా ముందు కాగితం పెట్టి, "మేస్టారూ, అర్జీ రాయండి. నేను సెప్తాను, మీరు ఒక్క మాటా మార్చీకండి" అంది. మిట్ట మీద వేసిన రేకుల పాకల్లో నీళ్ళు లేవు, బడి లేదు, ఊరు కడతామన్న మాట ఊసే లేదు. అర్జీలో రెండే ప్రశ్నలు చెప్పింది. కొత్త రిజిస్ట్రారు మొదటి ప్రశ్న కేసుకి సంబంధం లేనిదని కొట్టెయ్యబోయాడు. బంగారి కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది. చివరికి రెండూ నమోదయ్యాయి.

ఈ రోజు విచారణ. నూకాలు వెనక బెంచీలో నా పక్కన కూర్చుంది. నన్ను చెయ్యి పట్టుకోమంది. బంగారి ముందు నిలబడింది, వకీలు లేకుండా.

వంగిపోయిన ఒకటో న్యాయమూర్తి అర్జీ తెరిచి, ఒక ఊపిరి ఆగి, పైకి చదివాడు. "మొదటి ప్రశ్న. 'అయ్యా, అమ్మా, మీరు తొమ్మిది మందీ బతికే ఉన్నారా?'"

ఎవరో నవ్వబోయి మానేశారు. ఒకటో న్యాయమూర్తి బల్ల మీద చేతులు ఆనించి, కష్టంగా లేచి నిలబడ్డాడు. తన పేరు చెప్పి, "ఉన్నాను" అన్నాడు. కూర్చోలేదు. పక్కనున్నావిడ లేచింది. పేరు, "ఉన్నాను." మూడో వారు. పళ్ళు లేని నాలుగో వారు. అదే గొంతులో ఒకటి తరవాత ఒకటిగా ఆ మాట వస్తుంటే గోడలోంచి వస్తున్నట్టే ఉంది, కానీ పెదవులు కదలడం చూస్తున్నాం. ఏడో వంతు వచ్చింది. కొత్తాయన తడబడి లేచాడు. బంగారిని చూడలేక బల్లని చూస్తూ తన సొంత గొంతుతో, బొంగురుగా, "ఉన్నాను" అన్నాడు. ఎనిమిదో ఆవిడ. తొమ్మిదో ఆయన.

బంగారి వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది. తొమ్మిది. తొమ్మిది మందీ నిలబడే ఉన్నారు.

"అయితే సరే" అంది. "మరి మా ఊరేది?"